వ్యాయామ పాఠానికి క్యాసెట్టా, డిస్కా?

అటక మీద పాత ఏరోబిక్స్, యోగా వీడియో క్యాసెట్లు ఉన్నాయి. అలాంటి పాఠాలే డీవీడీగానూ దొరుకుతున్నాయి. వీటిలో దేన్ని వాడుకోవాలి? డిస్కునే. అందులో మాకు సందేహం లేదు. కానీ ఏ డిస్కు పడితే అది తెచ్చుకుంటే క్యాసెట్ కంటే ఎక్కువ చికాకు పెట్టేవీ ఉన్నాయి. అందుకే డిస్కు ఎందుకు మేలో, ఎలాంటిది కొనాలో, కొన్నాక ప్లేయర్‌లో ఏమేం సరిచేసుకోవాలో వివరంగా రాస్తున్నాం.

టీవీ ముందు వ్యాయామం చేసే అలవాటును ఇళ్ళలోకి తెచ్చింది మాత్రం క్యాసెట్టే. 1982లో అమెరికాలో వచ్చిన నటి జేన్ ఫోండా వర్కౌట్ క్యాసెట్ ధర 59.95 డాలర్లు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అయినా ఆ వరుసలో వచ్చిన క్యాసెట్లన్నీ కలిపి కోటి డెబ్బై లక్షలు అమ్ముడయ్యాయి. సినిమా అయితే అద్దెకు తెచ్చుకుని, ఒకసారి చూసి ఇచ్చేయవచ్చు. వ్యాయామ పాఠం రోజూ కావాలి గనుక జనం సొంతంగా కొనుక్కున్నారు, దానికోసం క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లు కూడా కొన్నారు. అయితే క్యాసెట్‌తో ఉన్న ఇబ్బంది ఆ మొదటి క్యాసెట్‌లోనే కనిపిస్తుంది. ముందు కొత్తగా మొదలుపెట్టేవారి పాఠం, దాని వెనక అలవాటైనవారి పాఠం. రెండోది చేయాలంటే రోజూ మొదటిదాన్ని దాటించాల్సిందే.

దాటించడమంటే ఎంత టేపో లెక్క చూద్దాం. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ ప్రసార పద్ధతికి చెందిన మామూలు వీడియో (వీహెచ్ఎస్) క్యాసెట్‌లో టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే నిమిషానికి 1.4 మీటర్లు. అరగంట పాఠాన్ని దాటాలంటే 42 మీటర్ల టేపు ఒక చక్రం మీంచి ఇంకో చక్రానికి చుట్టుకోవాలి. అదీ సరిగ్గా కావలసిన చోట ఆగదు. టేపు ఎంత నడిచిందో చూపే కౌంటర్ అంకె గుర్తుపెట్టుకున్నా, క్యాసెట్‌ను మధ్యలో తీసి మళ్ళీ పెడితే చాలా డెక్‌లలో (వీసీఆర్‌లలో) కౌంటర్ సున్నాకు వెళ్ళిపోతుంది. బొమ్మ చూస్తూ ముందుకు తోద్దామంటే తెర మీద అడ్డగీతలు వస్తాయి, మాట వినిపించదు. వ్యాయామంలో చోటు గుర్తుపట్టేది ఎక్కువగా మాటతోనే. 'ఇప్పుడు ఎడమ కాలు' అన్నది వినపడకపోతే కుడివైపు ఎనిమిది లెక్కల్లో ఉన్నామో, ఎడమవైపు ఎనిమిదిలో ఉన్నామో బొమ్మ చూసి చెప్పడం కష్టం.

పాజ్ సంగతి ఇంకా ఇబ్బంది. వీసీఆర్ లోపల బొమ్మను చదివే డ్రమ్ము పాల్ పద్ధతిలో నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని మీద ఎదురెదురుగా టేపును చదివే రెండు హెడ్‌లు ఉంటాయి. పాజ్ నొక్కినప్పుడు టేపు ఆగిపోతుంది గాని డ్రమ్ము ఆగదు. టేపులో ఆ ఒక్క చోటునే నిమిషానికి 3000 సార్లు హెడ్ రాసుకుంటూ పోతుంది. అందుకే చాలా డెక్‌లు ఐదు నిమిషాలు దాటితే పాజ్‌ను వాటంతట అవే వదిలేస్తాయి. పశ్చిమోత్తానాసనంలో వెన్ను ఎక్కడ వంగాలో, మోకాలు ఎలా ఉండాలో నిదానంగా చూసుకోవడానికే మనం పాజ్ నొక్కుతాం. ఆ చూసుకునే చోటే ముందు అరుగుతుంది. ఏ అడుగు కష్టమో, దేన్ని ఎక్కువసార్లు వెనక్కి తిప్పుకుంటామో, టేపులో అక్కడే చుక్కలు, వణుకు మొదలవుతాయి. నేర్చుకోవడానికి పనికొచ్చే వస్తువు అత్యవసరమైన చోటే పాడవడం మాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపిస్తుంది.

వీటికి తోడు మన వాతావరణం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పెట్టెలో మూసి పెట్టిన క్యాసెట్‌కు రెండు మూడు వానాకాలాల్లో బూజు పట్టడం మామూలే. క్యాసెట్ మీది పారదర్శకపు కిటికీలోంచి చూస్తే చుట్టిన టేపు అంచున తెల్లటి పొడిలా కనబడుతుంది. అలాంటి క్యాసెట్‌ను పొరపాటున కూడా డెక్‌లో పెట్టకండి. బూజు హెడ్‌కు అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కు పాకుతుంది. ఇక డెక్కే పాడైతే? ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. వాటిలో రబ్బరు బెల్టులు, టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం (పించ్ రోలరు) గట్టిపడి టేపును సరిగ్గా లాగలేవు, లోపలే చుట్టేసుకుని నలిపేస్తాయి.

క్యాసెట్‌కు మూడు మంచి గుణాలున్నాయి, వాటినీ చెప్పాలి. ఆపిన చోటే ఉంటుంది. ఇంకో ఇంట్లో, ఇంకో డెక్‌లో పెట్టినా అక్కడి నుంచే మొదలవుతుంది. పిల్లలు నేల మీద ఈడ్చినా టేపుకు గీత పడదు. మూడోది మాకు ముఖ్యమైనది: క్యాసెట్‌లో వార్మప్‌ను (మొదట ఒళ్ళు వేడెక్కించే భాగాన్ని) దాటేయడం కష్టం గనుక అందరూ దాన్ని చేసేవారు. డిస్కులో ఒక్క బటన్‌తో దాటేయవచ్చు. వేడెక్కని కండరంతో నేరుగా గెంతుల్లోకి దిగితే పిక్క, తొడ వెనక కండరం పట్టేస్తాయి. చివర ఒంటిని నెమ్మదింపజేసే కూల్‌డౌన్‌ను చేయకుండా ఆపేయడం కూడా డిస్కు తెచ్చిన సులువే. దీనికి విరుగుడు ప్లేయర్‌లోనే ఉంది, కింద చెబుతాం.

మన ఇళ్ళలో క్యాసెట్‌కూ డీవీడీకీ మధ్య వీసీడీ (వీడియో సీడీ) వచ్చింది. తెలుగులో వచ్చిన యోగా, ప్రాణాయామ పాఠాలు చాలామంది దగ్గర ఈ రూపంలోనే ఉన్నాయి. ఒక్కో వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. బొమ్మ 352 బై 288 చుక్కలు; డీవీడీ బొమ్మ 720 బై 576, అంటే నాలుగు రెట్లు. పద్మాసనంలో కూర్చుని ఊపిరి పీల్చే పాఠానికి వీసీడీ సరిపోతుంది, కదలిక తక్కువ కాబట్టి. గెంతులు, చేతులు ఊపడం ఉన్న ఏరోబిక్స్‌కు సరిపోదు. వీసీడీలో బొమ్మకు సెకనుకు 1.15 మెగాబిట్ల సమాచారమే కేటాయింపు. వేగంగా కదిలితే చేతులు, కాళ్ళు చదరపు గళ్ళుగా విడిపోయి, పాదం ఏ వైపుకు తిరిగిందో తెలియదు. వీసీడీలో పాఠానికో ట్రాక్ ఉంటే రిమోట్ మీద అంకె నొక్కి నేరుగా వెళ్ళవచ్చు. అంకె నొక్కినా పలకకపోతే పీబీసీ బటన్‌తో డిస్కులోని మెనూ సౌకర్యాన్ని ఆపేసి, అంకె మళ్ళీ నొక్కండి. చాలా వీసీడీల్లో మొత్తం పాఠం ఒకే ట్రాక్‌గా ఉంటుంది, అలాంటివి ఈ విషయంలో క్యాసెట్ కన్నా పెద్ద మెరుగు కాదు. 2007లో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక ఆరు రూపాయల తేడాకు వీసీడీ కొనడంలో అర్థం లేకుండా పోయింది.

డీవీడీ దగ్గరికి వద్దాం. పాఠం బాగా తయారైన డిస్కులో వార్మప్, నిలబడి చేసేవి, నేల మీద చేసేవి, పొట్ట కండరాలవి, కూల్‌డౌన్ వేటికవి అధ్యాయాలుగా ఉంటాయి. డిస్కులోని ఒక్కో వీడియోలో (టైటిల్‌లో) 99 అధ్యాయాల దాకా పెట్టే వీలుంది. గంట పాఠానికి పది పన్నెండు ఉంటే చాలు. మోకాలి నొప్పి ఉన్నవారు గెంతుల అధ్యాయాన్ని వదిలేయవచ్చు. సమయం ఇరవై నిమిషాలే ఉన్న రోజున మూడు అధ్యాయాలు ఎంచుకోవచ్చు.

ఇక్కడే చాలామంది వాడని బటన్ ఒకటుంది: ప్రోగ్రామ్. దాన్ని నొక్కితే తెర మీద ఖాళీ గడులు వస్తాయి. మొదటి గడిలో వార్మప్ అధ్యాయం సంఖ్య, తర్వాత ఆ రోజుకు కావలసినవి, చివరి గడిలో కూల్‌డౌన్ సంఖ్య నింపి ప్లే నొక్కండి. ఉదాహరణకు 2, 4, 7, 10. వార్మప్ దాటేసే ప్రలోభానికి విరుగుడు ఇదే. ఒక అధ్యాయం నుంచి ఇంకో దానికి దూకేటప్పుడు సెకను, రెండు సెకన్ల విరామం వస్తుంది. పీట ఎక్కి దిగుతూ చేసే స్టెప్ ఏరోబిక్స్ సంగీతం సాధారణంగా నిమిషానికి 118 నుంచి 128 తాళాల మధ్య ఉంటుంది గనుక ఆ విరామంలో రెండు నుంచి నాలుగు తాళాలు పోతాయి. ఆ కాసేపు ఆగిపోకుండా నిలబడిన చోటే కవాతు చేస్తూ ఉండండి.

కష్టమైన అడుగు నేర్చుకోవడానికి ఏ-బి రిపీట్ బటన్ ఉంది. అడుగు మొదలయ్యే చోట ఒకసారి, ముగిసే చోట ఇంకోసారి నొక్కితే ఆ ముక్క మాటతో సహా తిరుగుతూనే ఉంటుంది. మూడోసారి నొక్కితే ఆగిపోతుంది. డీవీడీలో బొమ్మలు సుమారు అరసెకను గుత్తులుగా నమోదై ఉంటాయి. చాలా ప్లేయర్లు గుత్తి మొదటికే దూకుతాయి తప్ప మీరు నొక్కిన క్షణానికి కాదు. కాబట్టి మొదటి నొక్కు అడుగుకు రెండు సెకన్ల ముందే నొక్కండి, అప్పుడు కాలు సిద్ధం చేసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. స్లో మోషన్‌లో చూస్తే చాలా ప్లేయర్లలో మాట రాదు. పాదం పెట్టే తీరు ముందు స్లోలో చూసుకుని, లెక్క కోసం ఏ-బి పెట్టుకోవడం సరైన వరస. ఎన్నిసార్లు తిప్పినా డిస్కు అరగదు. లేజర్ వెలుగు మాత్రమే దాన్ని తాకుతుంది.

యోగా చేసేవారికి పాజ్ వేసి ఉంచే అవసరం ఎక్కువ. డిస్కు పాజ్‌లో బొమ్మ వణకదు, కానీ రెండు మూడు నిమిషాలకు చాలా ప్లేయర్లు స్క్రీన్‌సేవర్ వేసి ఆసనం బొమ్మను మాయం చేస్తాయి. సెటప్‌లోకి వెళ్ళి స్క్రీన్‌సేవర్ ఆఫ్ చేయండి. అక్కడే ఇంకో రెండు సరిచూసుకోవాలి. మొదటిది బొమ్మ ఆకారం. టీవీ వెడల్పాటిది (16:9) అయితే అదే పెట్టాలి. తప్పుగా ఉంటే మనిషి సాగిపోయి గాని నొక్కుకుపోయి గాని కనిపిస్తాడు, మోకాలు పాదం మీదికి ఎంత వచ్చిందో తప్పుగా అంచనా వేస్తాం. పాత చతురస్రపు టీవీ అయితే పైనా కిందా నల్ల పట్టీలతో బొమ్మ మొత్తం చూపే లెటర్‌బాక్స్ ఎంచుకోండి. బొమ్మ పక్కలను కోసేసే పాన్ స్కాన్ పెడితే పక్కకు చాపిన చేతులు తెర బయటికి పోతాయి. రెండోది ధ్వని. ఆరు స్పీకర్లకు ఉద్దేశించిన 5.1 ధ్వని ట్రాక్ ఉన్న డిస్కులో గురువు మాట మధ్య స్పీకర్‌కు కేటాయించి ఉంటుంది. మామూలు టీవీలో సంగీతం మోగిపోయి మాట లోపలికి వెళ్ళిపోతుంది. ఆడియో బటన్‌తో రెండు చానళ్ళ ట్రాక్‌కు మారండి, లేదా సెటప్‌లో అన్ని చానళ్ళనూ రెండుగా కలిపే డౌన్‌మిక్స్‌ను స్టీరియోగా పెట్టండి.

ఆడియో బటన్‌కు ఇంకో ఉపయోగం ఉంది. కొన్ని మంచి వ్యాయామ డిస్కుల్లో మాట లేకుండా సంగీతం మాత్రమే ఉన్న ట్రాక్ కూడా పెడతారు. పాఠం కంఠతా వచ్చాక దాంతో చేస్తే విసుగు రాదు. డీవీడీలో ఎనిమిది ధ్వని ట్రాక్‌లకు, తొమ్మిది కెమెరా కోణాలకు చోటుంది. కోణాలను వాడుకున్న డిస్కులు తక్కువే. గురువును వెనక నుంచి చూపే కోణం ఉన్న డిస్కు దొరికితే మాత్రం వదలకండి. ఎదురుగా నిలబడిన మనిషిని చూసి ఎడమ కుడి తికమకపడని కొత్తవాళ్ళు ఉండరు. ఆ కోణం లేకపోతే, గురువు అద్దంలో బొమ్మలా చేయిస్తున్నారో లేదో అట్ట మీద గాని నమూనా వీడియోలో గాని చూసుకోండి. 'కుడి చేయి' అంటూ తన ఎడమ చేయి ఎత్తేవారే ఇంటి పాఠానికి పనికొస్తారు. ఇది డిస్కా, క్యాసెట్టా అన్నదానికన్నా పెద్ద విషయం. అలాగే శవాసనంలోనో, బోర్లా పడుకునే భుజంగాసనంలోనో తెర కనిపించదు. ఊపిరి ఎప్పుడు తీయాలో, ఎప్పుడు వదలాలో, ఎంతసేపు నిలపాలో నోటితో చెప్పని పాఠం ఎంత అందంగా తీసినా మెడ తిప్పి చూసేలా చేస్తుంది. మెడ పట్టేయడానికి అది చాలు.

కొనకూడని డిస్కుల సంగతి. పాత క్యాసెట్‌ను ఉన్నదున్నట్టు డిస్కు మీదికి ఎక్కించినవి చాలా ఉన్నాయి. అట్ట వెనక అధ్యాయాల జాబితా లేకపోతే అనుమానించండి. గంట పాఠమంతా ఒకే అధ్యాయంగా ఉంటుంది, లేదా అడుగు మధ్యలో తెగేలా ఐదేసి నిమిషాలకో గుర్తు ఉంటుంది. రెండోది, 'నాలుగు కోర్సులు ఒకే డిస్కులో' అనేవి. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లే పడుతుంది. రెండు గంటల పాఠానికి సెకనుకు సగటున 5.2 మెగాబిట్లు దక్కుతాయి. నాలుగు గంటలు కుక్కితే 2.6కు పడిపోతుంది. వేగపు కదలికలో వీసీడీలో వచ్చే గళ్ళే మళ్ళీ కనిపిస్తాయి. రెండు పొరల డిస్కు అయితే 8.5 గిగాబైట్లు, దానిలో నాలుగు గంటలు ఫరవాలేదు. మూడోది, డిస్కు అడుగు భాగం వెండిలా కాక ఊదారంగులో ఉంటే అది కంపెనీలో అచ్చు వేసినది కాదు, ఇంట్లోనో దుకాణంలోనో రాసినది. ఎండ తగిలితే దాని రంగుపొర చెడుతుంది. రోజూ వాడే పాఠానికి అలాంటిదాన్ని నమ్ముకోకూడదు.

కొన్ని డిస్కులు పెట్టిన ప్రతిసారీ హెచ్చరికలు, ప్రకటనలు దాటనివ్వవు. రోజూ వాడేవారికి ఇది నిజంగా బాధ. కొన్ని ప్లేయర్లలో స్టాప్ రెండుసార్లు, వెంటనే ప్లే నొక్కితే నేరుగా పాఠంలోకి వెళుతుంది. స్టాప్ గురించి ఇంకో మాట: ఒకసారి నొక్కితే ఆపిన చోటు గుర్తుంటుంది, రెండుసార్లు నొక్కితే చెరిగిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు తల్లిదండ్రులకు పంపేటప్పుడు గమనించాల్సింది ఒకటుంది. అక్కడి క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ అనే వేరే టీవీ పద్ధతిది, ఇక్కడి పాత పాల్ డెక్‌లు చాలావాటిలో సరిగ్గా ఆడదు. డిస్కుకు ఆ ఇబ్బంది తక్కువ, ఇక్కడి ప్లేయర్లు చాలావరకు రెండు పద్ధతులనూ చదువుతాయి. కానీ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే రీజియన్ సంఖ్య ఉంది: అమెరికాకు 1, ఐరోపా, జపాన్‌లకు 2, మనకు 5. అట్ట వెనక భూగోళం గుర్తులో ఆ అంకె ఉంటుంది. రీజియన్ లాక్ లేని ప్లేయర్ అయితే ఏదైనా ఆడుతుంది. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్‌ను ఐదుసార్లే మార్చగలం, ఆ తర్వాత చివరగా పెట్టినదే శాశ్వతం. అక్కడి చెక్క నేల ఇళ్ళలో మరో జాగ్రత్త కావాలి. గెంతినప్పుడు నేలతో పాటు బల్ల అదిరి ప్లేయర్ తడబడుతుంది, దాన్ని గోడకు బిగించిన అర మీద పెట్టడం మంచిది.

డిస్కు శుభ్రం చేయడానికి మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత సమాచారం నడిచే దారి వెంటే పోతుంది, ప్లేయర్ దాన్ని సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడిన చిన్న గీతను చాలావరకు దాటేస్తుంది. వీసీడీలో సమాచారపు పొర పైన బొమ్మ వేసిన వైపునే, పలచటి లక్క కింద ఉంటుంది. ఆ వైపు గీరితే తిరిగి రాదు. డీవీడీలో అది రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది, కాస్త భద్రం. దాని మీద కాగితం స్టిక్కర్లు మాత్రం అంటించకండి. బరువు ఒకవైపుకు వాలి వేగంగా తిరిగేటప్పుడు ఊగుతుంది.

ఇప్పటి టీవీలకు పసుపు, ఎరుపు, తెలుపు తీగల సాకెట్లు ఉండకపోవచ్చు. హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ తీసుకోండి, పాతదే ఉంటే ఆ మూడు తీగల (ఏవీ) నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కావాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ వీధుల్లో అలాంటివి దొరుకుతాయి, పోయిన రిమోట్‌కు బదులు రిమోట్ కూడా. రిమోట్ లేని ప్లేయర్‌తో ఏ-బి, ప్రోగ్రామ్ ఏవీ పనిచేయవు కాబట్టి, వాడిన ప్లేయర్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది అదే. ల్యాప్‌టాప్‌లో అయితే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సాఫ్ట్‌వేర్ దానితో పాటు రావడం లేదు.

అటక మీది క్యాసెట్లలో దూరదర్శన్ నుంచి మీరే రికార్డు చేసుకున్న యోగా పాఠాలు ఉంటే, బూజు లేనివాటిని ఇప్పుడే డిస్కుకు ఎక్కించండి. కొన్న క్యాసెట్లకు నకలు నిరోధకం ఉంటుంది, ఎక్కించబోతే బొమ్మ వెలుగుతూ ఆరుతూ పాడవుతుంది. వాటికి బదులు డిస్కు కొనుక్కోవడమే మార్గం. ఎక్కించే ముందు క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా చుట్టండి, అతుక్కున్న పొరలు విడిపోతాయి. డీవీడీ రికార్డర్‌లో డిస్కుకు రెండు గంటలు పట్టే ఎస్పీ అనే మామూలు వేగం చాలు, క్యాసెట్‌లో లేని స్పష్టత ఎక్కువ వేగంతో రాదు. రికార్డర్ తనంతట తాను ఐదు నిమిషాలకోసారి వేసే అధ్యాయాల గుర్తులను ఆపేసి, ఆసనం మారిన ప్రతిచోటా మీ చేత్తో గుర్తు వేయండి.